పప్పుగిన్నె అంచు మీద మాటలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మాట్లాడే హక్కు తాతయ్యది, వినే హక్కు నాది. మిగిలినవాళ్లు ఈ రెంటి మధ్యా ఎలాగో సర్దుకుపోయేవాళ్లు. తాతయ్య పోర్టులో క్రేన్ల దగ్గర చేసి రిటైరైన మనిషి. ఆ మోతలో ఏళ్ల తరబడి పనిచేయడంతో చెవులు కాస్త మందగించాయి గానీ, గొంతు మాత్రం క్రేను కింద నిలబడి అరిచినట్టే ఉండేది. ఇక నా వినే హక్కు సంగతి చెప్పాలంటే ముందు మా బాబాయి రేడియో సంగతి చెప్పాలి.

రేవు పక్కనున్న మల్కాపురంలో మాది చిన్న డాబా ఇల్లు. డాబా మీద ఒక రేకుల గది. అది బాబాయిది. మా నాన్నకి తమ్ముడు, పోర్టు కరెంటు పనుల్లో ఉద్యోగం, డ్యూటీ అయ్యాక మిగిలిన ప్రాణమంతా ఆ గదిలోనే. ఇంట్లో పాటలు వినే రేడియో వేరే ఉండేది. బాబాయిది మనం వినడమే కాకుండా తిరిగి మాట్లాడగల రేడియో. హ్యామ్ రేడియో అనేవారు. ప్రభుత్వం పరీక్ష పెట్టి లైసెన్సు ఇస్తుంది. లైసెన్సున్నవాడు తన సొంత సెట్టుతో ఎక్కడో ఉన్న తనలాంటి ఇంకో పిచ్చివాడితో కబుర్లు చెప్పుకోవచ్చు. అంత కష్టపడి చెప్పుకునేదేమిటంటే, మీ ఊళ్లో వానా, మా ఊళ్లో ఎండ, నువ్వు బాగా వినిపిస్తున్నావు, నేనెలా వినిపిస్తున్నాను, అంతే. ఓడల నుంచి దిగిన పాత సామాను అమ్మే కొట్ల చుట్టూ తిరిగి, ఆటోనగర్లో తెలిసినవాడి చేత రేకు పెట్టె చేయించి, ఆ సెట్టంతా తన చేత్తోనే అతికాడు బాబాయి. మేడ మీద వెదురు గడ నుంచి కొబ్బరిచెట్టు దాకా ఒక పొడుగాటి రాగి తీగ కట్టాడు. అది ఏరియలు. మా నాయనమ్మ మాత్రం దాన్ని దండెం అనే అనుకునేది.

"తీగున్నది బట్టలారేసుకోడానికి కాకపోతే ఇంకెందుకురా? నీ అమెరికావోడు మాటాడితే నా సీర ఆరుద్దేటి?" అని, తడి చీరలన్నీ దాని మీదే పరిచేది. బాబాయి సెట్టు పెట్టే ముందు మేడంతా తిరిగి చీరలు తీసి గోడ మీద వేసేవాడు. అవి పోర్టు నుంచి ఎగిరొచ్చే ఇనుప ఖనిజం ధూళి పట్టి ఎర్రబడేవి. మళ్లీ తిట్లు.

ఆ గదిలో నాకొక స్థానం ఉండేది. పోర్టు నుంచి తెచ్చిన దేవదారు చెక్క పెట్టె ఒకటి బోర్లించి బాబాయి కుర్చీ పక్కనే వేసేవాడు. అది నా సింహాసనం. బాబాయి హెడ్‌ఫోన్లకి నడుమ ఉండే పట్టీ ఎప్పుడో విరిగిపోయింది. రెండు చిప్పలూ విడివిడిగా వైరుకి వేలాడుతుండేవి. ఒక చిప్ప బాబాయి చెవికి, రెండో చిప్ప నా చెవికి. మైకులో మాట్లాడే వీలు నాకు లేదు, లైసెన్సు లేనివాళ్లు నోరెత్తకూడదు. కానీ వినడానికి అడ్డేముంది? పొద్దున్నే స్నానం చేసి, జడ వేయించుకోకుండానే మేడెక్కి పెట్టె మీద కూర్చునేదాన్ని. "ఇను బుజ్జీ, అతగోడు ఓడ మీదున్నాడు," అనేవాడు బాబాయి. ఎక్కడో సముద్రం మధ్య ఉన్న మనిషి గొంతు నా చెవిలో గరగరలాడేది. బయట యారాడ కొండ, రిఫైనరీ గొట్టం మీద మంట, రేవులోకి వస్తున్న ఓడ కూత, అన్నీ మామూలుగానే ఉండేవి. నేను మాత్రం మామూలు పిల్లను కాను. వీధిలో ఏ పిల్లకీ లేని చెవి నాకు ఉంది. ఆ గర్వం ఎంతుండేదంటే, పక్కింటి పిల్లలు మేడ మెట్ల దగ్గరికి వస్తే "డ్యూటీలో ఉన్నాం" అని పంపేసేదాన్ని.

బాబాయికి గొంతుతో మాట్లాడటం కన్నా మోర్సు మీద మోజెక్కువ. అంటే చుక్కలూ గీతలతో మాట్లాడటం. పొట్టి చప్పుడు చుక్క, పొడుగు చప్పుడు గీత. అవి కలిస్తే ఒక్కో ఇంగ్లీషు అక్షరం. ఇత్తడి మీట ఒకటి బల్లకి బిగించి దాని మీద వేళ్లతో తడుతూ పంపేవాడు. నాకూ నేర్పబోయాడు. నాకు మనుషుల గొంతులు కావాలి, ఆ కీచురాళ్ల గోల ఎవరికి కావాలి? నాలుగు అక్షరాలు నేర్చుకుని బుంగమూతి పెట్టాను. "నీకు బుద్ధి పుట్టినప్పుడే నేర్చుకుందువులే," అని బాబాయి వదిలేశాడు. అంతటితో ఆగితే ఈ కథే లేదు. ఆ ఏడు బాబాయికి పెళ్లి చేశారు.

పిన్నిది పరవాడ వైపు పల్లెటూరు. వ్యవసాయం ఇల్లు. పది దాకా చదివింది. మా ఇంటికి వచ్చిన కొత్తలో ఆమె ఉన్నట్టే తెలిసేది కాదు. తాతయ్య ముందుకి వస్తే తల దించుకునేది, మాట బయటికి వచ్చేది కాదు. కొత్త కోడలు మామగారి ఎదుట నోరు విప్పకూడదు, పెద్దల ముందు మొగుడితో అసలే మాట్లాడకూడదు. మా అమ్మకి కూడా ఆ నియమం సడలడానికి నేను పుట్టాల్సి వచ్చిందట. పిన్నిని చూస్తే నాకు మొదట జాలే వేసింది. పాపం, ఈమెకి ఏమీ తెలియదు, నేనే అన్నీ చెప్పాలి అనుకున్నాను.

ఒక ఉదయం మేడెక్కేసరికి నా పెట్టె మీద పిన్ని కూర్చుని ఉంది. నా చిప్ప ఆమె చెవి దగ్గర ఉంది. ఇద్దరూ తలలు దగ్గరగా పెట్టి వింటున్నారు. బాబాయి నన్ను చూసి నవ్వి, వేలు పెదవుల మీద పెట్టి చప్పుడు చేయవద్దన్నాడు. అదే సైగ నేను పక్కింటి పిల్లలకి చేసేదాన్ని.

నాకు ఒళ్లంతా మండిపోయింది. అసూయ అనే మాట అప్పుడు తెలియదు గానీ, అది గొంతు కింద ఎక్కడ కూర్చుంటుందో ఆ రోజే తెలిసింది. కిందికి దిగిపోయాను. మర్నాడు వెళ్లలేదు. ఆ పైరోజు బాబాయి మెట్ల మీద నుంచి "రావేటి బుజ్జీ?" అని కేకేశాడు. "లెక్కలున్నాయి," అన్నాను. ఇంకొక్కసారి పిలిస్తే వెళ్దామని పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పిలవలేదు. పెద్దవాళ్లు ఒకసారి పిలిచి, రాకపోతే నిజంగానే లెక్కలున్నాయనుకుంటారు. పైనుంచి మీట చప్పుడు, మధ్యమధ్య పిన్ని సన్నని నవ్వు వినపడేవి. నేను వదిలేసిన ఆ కీచురాళ్ల భాషని ఆమె నేర్చుకుంటోందని కొద్ది రోజుల్లోనే అర్థమైంది. నాకు నాలుగు అక్షరాల దగ్గర ఆగిపోయినది ఆమెకి నీళ్లు తాగినట్టు వచ్చేసిందట. ఆ మాట బాబాయి మా నాన్నతో మురిసిపోతూ చెబుతుంటే వినాల్సి వచ్చింది. ఆ రోజుల్లో నాయనమ్మ తడి చీరలతో మేడెక్కుతుంటే నేనూ ఒక చేయి వేసి తీగ నిండా పరిచి వచ్చేదాన్ని.

మా ఇంట్లో భోజనం దగ్గర మాటలుండేవి కావు. "అన్నంకాడ మాటలేటి?" అన్నది తాతయ్య శాసనం. తాతయ్య, నాన్న, బాబాయి వరసగా పీటల మీద కూర్చునేవాళ్లు. చిన్నపిల్లనని నాకూ ఆ వరసలోనే చివర, బాబాయి పక్కన చోటు. ఆ ఒక్క చోటూ ఇంకా నాదే. అమ్మ అన్నం, పిన్ని పప్పూ కూరా వడ్డించేవాళ్లు. ఆడవాళ్లు తర్వాత తినేవాళ్లు.

అలాంటి ఒక పూట, ఎవరూ నోరు మెదపని ఆ నిశ్శబ్దంలో, నాకొక చప్పుడు తెలిసింది. పిన్ని పప్పు వడ్డించి నిలబడి, గరిటెతో గిన్నె అంచు మీద తడుతోంది. టక్. టక్. తర్వాత గరిటెని అంచు వెంట సర్రుమని రాసింది. మళ్లీ టక్. అంటుకున్న పప్పు దులుపుతోందని ఎవరైనా అనుకుంటారు. ఇటు చూస్తే బాబాయి ఎడమచేతి గోరు మంచినీళ్ల గ్లాసు మీద ఆడుతోంది. ఒక పోటు, ఒక గీటు. తడితే చుక్క, గీస్తే గీత. తాతయ్య ఎదురుగా, నాన్న పక్కన, అందరి ముక్కు కిందా ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటున్నారు! తాతయ్యకి ఎలాగూ వినపడదు. నాయనమ్మ మాత్రం ఒకసారి వంటింటి గడప మీద నుంచి, "ఏటే పిల్లా, ఆ గరిటి సప్పుడు? పప్పులోకి దెయ్యవేవైనా దిగిందేటి?" అంది. పిన్ని చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దొంగ దొరికాడని నేను సంబరపడాలి కదా. ఏడుపొచ్చింది. ఇంట్లో అందరూ మూగగా ఉన్న వేళ వాళ్లిద్దరికీ ఒక భాషుంది. అది నాకు రావాల్సిన భాష. బాబాయి ముందు నాకే ఇచ్చాడు, నేను వద్దన్నాను. పిన్ని గిన్నెలోకి చూసి చిన్నగా నవ్వినప్పుడల్లా అది నా గురించే అనిపించేది. నా జడ గురించా? నేను మేడెక్కడం మానేసినందుకా? బాబాయి గోరు గ్లాసు మీద ఆడుతున్నంతసేపూ నేను అన్నం కెలుకుతూ కూర్చునేదాన్ని.

నేర్చుకుని తీరాలనుకున్నాను. అడిగి మాత్రం కాదు. అడగడమంటే ఓడిపోవడం. బాబాయి గదిలో గోడకి చుక్కల గీతల పటం అంటించి ఉండేది. వాళ్లు లేనప్పుడు చీరలు తీసే నెపంతో వెళ్లి రోజుకి కాస్త కళ్లతో మింగి వచ్చేదాన్ని. బడికి వెళ్లే దారిలో లారీ నంబర్లన్నీ పళ్ల మధ్య గొణుక్కుంటూ మోర్సులోకి మార్చేదాన్ని. పోర్టు లారీలకి కొదవా, మల్కాపురంలో? బల్ల మీద గోటితో తడుతూ టీచరమ్మ చేత చీవాట్లు తిన్నాను. కోపంతో చదివిన చదువు ఎంత బాగా ఒంటబడుతుందో అప్పుడు చూశాను.

భోజనం దగ్గర మాత్రం మొదట్లో ఏమీ అందలేదు. ఒక అక్షరం పట్టుకునేలోపు నాలుగు వెళ్లిపోయేవి. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో పేర్చి పంపుకుంటున్నారని గ్రహించడానికే బోలెడు పూటలు పట్టింది. నాకు పూర్తిగా దొరికిన మొదటి మాట బాబాయి గ్లాసు మీది నుంచి వచ్చింది. ఉప్పు. నేను ఇన్నాళ్లు కుళ్లుకుని ఏడ్చిన రహస్యం ఉప్పు! ఆ ఉక్రోషంలో ఏం చేస్తున్నానో తెలియకుండానే పక్కనున్న ఉప్పుగిన్నె తీసి బాబాయి వైపు జరిపాను. బాబాయి చూసుకోకుండా చిటికెడు తీసి కలుపుకున్నాడు. పైకి ఎవరూ ఉప్పు అడగలేదని నాకు తర్వాత తట్టింది. తలెత్తి చూస్తే ఎవరి పళ్లెంలో వాళ్లున్నారు. పిన్ని నాన్నకి కూర వడ్డిస్తోంది. బతికిపోయాననుకున్నాను.

ఆ తర్వాత నా చదువు పరుగందుకుంది. పిన్ని గరిటె చెప్పేవి పూటపూటకీ ఎక్కువ అందసాగాయి. వంకాయ ముదిరింది. ఇంకొంచెం వేసుకోండి. మీ అమ్మకి మోకాలు నొప్పి. దానికి బాబాయి జవాబు, బాగుంది. ఆ 'బాగుంది' ఎన్నిసార్లు విన్నానో! అమ్మా నాన్నా ముందు పెళ్లాం వంటని మెచ్చుకునే మగవాడు మా ఇళ్లల్లో ఉండేవాడు కాదు. బాబాయి గోటితో రోజూ మెచ్చుకునేవాడు. బాబాయి చేయి మాత్రం ఇంకా నాకు అందనంత జోరుగా పోయేది. పిన్ని మాటలు దాదాపు అన్నీ అందేవి. నా తెలివికి నేనే మురిసిపోయాను. నా గురించి ఒక్క చెడ్డ మాటా దొరకలేదు. నిజం చెప్పాలంటే మంచి మాటా దొరకలేదు. అసలు నా ఊసే లేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

ఆ రోజుల్లో ఉక్కు కర్మాగారం కడుతున్నారు. ఊళ్లో ఎవరి నోట విన్నా దాని మాటే. బాబాయికి అక్కడ ఉద్యోగం వచ్చింది. తాతయ్య వీధంతా చెప్పుకున్నాడు. నాకూ సంతోషమే, పొద్దున్న బస్సెక్కి సాయంత్రానికి వచ్చేస్తాడనుకున్నాను.

ఒక ఆదివారం మధ్యాహ్నం. చేపల పులుసు రోజు. అందరం వరసగా కూర్చున్నాం. పిన్ని ఇంకా వడ్డిస్తూనే ఉంది, బాబాయి గోరు గ్లాసు మీదికి వెళ్లింది. ఎప్పుడూ ఉండే హుషారు ఆ చేతిలో లేదు, తొందర ఉంది. క్వార్టర్స్ అన్న మాట పొడుగు కాబట్టి దొరికింది. వచ్చింది అన్న మాట సగం దొరికింది. ఆ తర్వాత ఏవో గీతలు దొర్లిపోయాయి. వాటి మధ్య నుంచి నా పేరు వచ్చింది. బుజ్జి. ఇన్నాళ్లుగా ఏ పేరు కోసం చెవులు అప్పగించి కూర్చున్నానో ఆ పేరు. దాని వెనక ఇంకా ఏదో చెప్పాడు. ఒక్క అక్షరం అందలేదు.

క్వార్టర్స్ అంటే కర్మాగారం వాళ్లిచ్చే ఇల్లు, అది వస్తే వెళ్లిపోతారు. పెట్టె, సెట్టు, తీగ, చిప్పలు అన్నీ వెళ్లిపోతాయి. బాబాయి వెళ్లిపోతాడు. అందులో నా గురించి ఏదో చెప్పాడు, అదేమిటో నాకు తెలియాలి. అడగనని పెట్టుకున్న పంతం, ఇన్నాళ్ల దొంగచాటు, అన్నీ ఆ క్షణంలో మరిచిపోయాను. నా ఎడమచేయి తనంతట తనే పళ్లెం అంచు మీదికి వెళ్లింది. గీటు, గీటు, పోటు, గీటు. పోటు, గీటు, పోటు. మూడు పోట్లు. క్యూ, ఆర్, ఎస్. గోడ మీది పటం అడుగున రాసి ఉండేది, హ్యామ్ రేడియోవాళ్ల మధ్య ఆ మూడు అక్షరాలకి ఒకటే అర్థం. నాకు అందడం లేదు, నెమ్మదిగా పంపండి.

బాబాయి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. మెల్లగా నా వైపు తిరిగాడు. ఆ కళ్లల్లో ఏముందో చూసే ధైర్యం లేక పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాను. పిన్ని మాత్రం ఉలిక్కిపడలేదు. పులుసు గిన్నె కింద పెట్టి, పప్పుగిన్నె అందుకుని, వరస చివరికి వచ్చి నా ముందు వంగింది. నా పళ్లెంలో పప్పు అప్పటికే ఉంది. అయినా గరిటె ఎత్తి, బాబాయి చెప్పిన మాటల్నే గిన్నె అంచు మీద ఒక్కొక్క అక్షరంగా చెప్పింది. అక్షరానికీ అక్షరానికీ మధ్య నేను ఊపిరి తీసుకునేంత వ్యవధి ఇచ్చింది. క్వార్టర్స్ వచ్చింది. బుజ్జికి ఎలా చెప్పాలి. నా వల్ల కాదు.

అంతే. నా గురించి బాబాయి చెప్పింది అంతే. కళ్లలోంచి నీళ్లు పళ్లెంలోకి రాలాయి. ఆపుకుందామంటే వెక్కిళ్లు వచ్చాయి.

"ఏటయిందే గుంటకి?" అన్నాడు తాతయ్య, తన మామూలు గొంతుతో. అందరూ నా వైపు చూశారు. అమ్మ అన్నం గిన్నెతో అలాగే నిలబడింది.

"కారం తగిలింది, మావయ్యా. నానే ఎక్కువేసీనాను," అంది పిన్ని.

మా ఇంటికి వచ్చాక తాతయ్య ఎదుట పిన్ని పలికిన మొదటి మాట అది. చెవి మందమైన మనిషికి కూడా వినపడేలా చెప్పింది. నాయనమ్మ గడపలో నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది. తాతయ్య కోడలి వైపు చూశాడు. "మరైతే మజ్జిగెయ్యి గుంటకి," అని మళ్లీ పళ్లెంలోకి వంగాడు.

భోజనాలయ్యాక పిన్ని నా చేయి పట్టుకుని మేడ మీదికి తీసుకెళ్లింది. నన్ను పెట్టె మీద కూర్చోబెట్టి తను నేల మీద కూర్చుంది. నేను అడగకుండానే చెప్పుకొచ్చింది. నేను ఉప్పుగిన్నె జరిపిన రోజే ఆమెకి తెలిసిపోయిందట. బాబాయికి చెప్పలేదట, చెబితే ఆటపట్టించి నన్ను ఏడిపిస్తాడని. ఆ పూట నుంచీ తన గరిటె వేగం తగ్గించేసిందట. నేను గబగబా ఎదిగిపోయానని మురిసిపోయిన రోజుల్లో నిజానికి జరిగింది అది. మీటయినా గరిటైనా హ్యామ్‌లకి ఒక పద్ధతుందట. వినేవాడికి ఎంత వేగం అందుతుందో పంపేవాడు అంత వేగంతోనే పంపాలి. ఎంత గొప్పవాడైనా సరే, కొత్తవాడు ఎదురైతే చేయి నెమ్మది చేసుకోవాల్సిందే. అలాగే అందనివాడు క్యూ ఆర్ ఎస్ అని అడగాలి. ఆ అడగడాన్ని ఎవరూ తప్పుగా చూడరు, ఎవరూ నవ్వరు.

"అడిగితే మీ బాబాయి నీకు సెప్పకపోనా? ఎందుకలా నీలో నువ్వే ఉడికిపోయీవు?" అంది.

ఆ పెట్టె మీద గోటితో గీతలు గీస్తూ కూర్చున్నాను. అప్పుడు పిన్ని ఒక మాట చెప్పింది. అది విన్నప్పటి ఆశ్చర్యం ఇప్పటికీ తీరలేదు.

"నాను పెళ్లై వొచ్చినప్పుడు ఈ పెట్టి మీద నువ్వు కూకునుండేదానివి. ఆయనకి ఎప్పుడేటి కావాలో నీకు తెలుసు. ఆయన నవ్వితే ఎందుకు నవ్వీరో నీకు తెలుసు. నాకు ఒక్కటీ తెల్దు. కింద వొంటింట్లో కూకుని నీ మీద ఎంత కుళ్లుకున్నానో, బుజ్జీ! అందుకే కదా ఈ టకటకలు నేర్చుకున్నాను. నీకు రానిది ఒక్కటైనా నాకు రావాలని."

నా మీద ఒకరు అసూయపడటమా! నేను మేడ మీద ఉంటే ఆమె కిందా, ఆమె మేడ మీద ఉంటే నేను కిందా, ఇద్దరం మెట్లకి అటూ ఇటూ కూర్చుని ఒకే మంట మండామన్నమాట. పిన్ని నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది. అంతలో బాబాయి పైకి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, తలుపు మీద గోటితో నెమ్మదిగా, చాలా నెమ్మదిగా, రావచ్చా అని అడిగాడు. రావచ్చని నేను పెట్టె మీద తట్టాను.

వాళ్లు వెళ్లిపోయారు. ఎవరూ ఆపలేదు, నేనూ ఏడవలేదు. గాజువాక దాటి అంతదూరం రోజూ వెళ్లి చూసే వీలెక్కడిది? బాబాయి వినడానికి మాత్రమే పనికొచ్చే తన పాత రిసీవరూ, పెట్టే, విరిగిన హెడ్‌ఫోన్లూ నాకు వదిలి వెళ్లాడు. తీగ కూడా ఉంచేశాడు. అది దండెం కాదని నాయనమ్మతో ఇప్పుడు నేను పోట్లాడవలసి వచ్చింది. మర్నాడు పొద్దున్న మేడెక్కి కూర్చుని రెండు చిప్పలూ రెండు చెవులకీ పెట్టుకున్నాను. రెండూ నావే. ఏం చేసుకోను?

పిన్ని పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. ఒక ఆదివారం ఉదయం మీట మీద ఆమె చేయి నా చెవిలో వినపడింది. చూడకుండానే పోల్చుకున్నాను, పప్పుగిన్నె మీద విన్న నడకే కదా. లైసెన్సు లేని నాతో ఆమె మాట్లాడకూడదు, నా పేరెత్తకూడదు. ఎవరో వేరే ఊరి హ్యామ్‌తో మాట్లాడుతోంది. అవే మామూలు కబుర్లు. ఇక్కడ మబ్బు పట్టింది, గాలి ఎక్కువగా ఉంది. అవతలి మనిషి చేయి వడివడిగా పరుగెడుతోంది. అతనికి ఏ వేగమైనా అందుతుంది. అయినా పిన్ని తన వంతు వచ్చినప్పుడల్లా ఒక్కొక్క అక్షరం విడదీసి, మధ్యలో ఊపిరి తీసుకునేంత వ్యవధి ఇస్తూ పంపుతోంది. ఆ మనిషి ఈమెని కొత్త అనుకుని ఉంటాడు. ఎవరి కోసం ఆ వేగం తగ్గిందో మల్కాపురంలో పెట్టె మీద కూర్చున్న నాకు తెలుసు.

ఆ రోజు నుంచి నేను అసూయపడటం మానేశానని చెబితే అబద్ధం. పుట్టుకతో వచ్చిన గుణం, ఎక్కడికి పోతుంది? ఉద్యోగంలో తోటివాళ్ల మీద అసూయపడ్డాను, మావారి స్నేహితుల మీద అసూయపడ్డాను, ఆఖరికి కోడలు తన పుట్టింటివాళ్లతో ఫోన్లో గలగలా నవ్వుతుంటే కూడా కుళ్లుకున్నాను. కాకపోతే గొంతు కింద ఆ మంట మొదలవగానే నా వేళ్లు తట్టడానికి ఎక్కడో అక్కడ చోటు వెతుక్కుంటాయి. మూతి ముడుచుకుని మెట్ల కింద కూర్చునే బదులు, నాకు అందలేదు, నెమ్మదిగా చెప్పండి అని అడిగేస్తాను. చాలాసార్లు చెబుతారు. చెప్పని సందర్భాల్లో కూడా నేనైతే అడిగాను కదా అన్న తృప్తి ఉంటుంది.

బాబాయి పోయాడు. పిన్ని ఇప్పుడు ముసలిదైంది. అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి ఉంటుంది. మొన్న ఆమె వచ్చినప్పుడు మధ్యాహ్నం అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇప్పుడు భోజనం దగ్గర మాట్లాడకూడదన్న శాసనం ఏమీ లేదు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. వడ్డిస్తున్న నేను గిన్నె అంచు మీద గరిటెతో, పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగాను. పిన్ని గ్లాసు మీద గోటితో, బాగుంది అంది. ఆ మాట వినగానే బాబాయి గుర్తొచ్చి ఇద్దరం ఒకరి వైపు ఒకరు చూసుకున్నాం. ఇంకేదో చెప్పింది, నేనింకేదో అన్నాను, పాత జోరు వచ్చేసింది, నవ్వుకున్నాం.

బల్ల చివర నా మనవరాలు తినడం మానేసింది. ఒకసారి నా గరిటె వైపు, ఒకసారి పిన్ని గోటి వైపు చూస్తోంది. కింది పెదవి ముందుకొచ్చింది. రోజూ నా పక్కన తప్ప పడుకోని పిల్ల. ఆ ముఖం నేను ఎరిగిన ముఖమే.

పప్పుగిన్నె తీసుకుని దాని పక్కకి వెళ్లాను. దాని పళ్లెంలో పప్పు అప్పటికే ఉంది. గరిటె ఎత్తి, అంచు మీద మొదటి అక్షరం తట్టి, అది తలెత్తి చూసేదాకా ఆగాను.